అయస్కాంతమ్మ విడదీసిన రెండు చుక్కలు

ఆ గది తలుపు దగ్గర ఒక చెక్క బల్ల ఉంటుంది. ఎంత పెద్దమనిషి వచ్చినా ముందు దాని మీద వాచీ, తాళాలు, ఫోను, బెల్టు పెట్టాకే లోపలికి అడుగు పెట్టాలి. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి, "బెల్టు తీస్తే ప్యాంటు నిలవదమ్మా" అని మొరపెట్టుకున్నాడు. "చేత్తో పట్టుకోండి సార్. లోపల మీ చేతులకి వేరే పనేం లేదు" అంది ఆ గది చూసుకునే ఆమె. ఆయన అలాగే పట్టుకుని గదంతా తిరిగి చూసి వెళ్లాడు. ఆ సాయంత్రానికే సంస్థ మొత్తం ఆమెను అయస్కాంతమ్మ అనడం మొదలుపెట్టింది. అసలు పేరు ఇప్పుడు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనిపించదు.

గది మధ్యలో మూడు కాళ్ల మీద మనిషికంటే ఎత్తైన తెల్లటి ఉక్కు పీపా నిలబడి ఉంటుంది. దాని కడుపులో మైళ్ల పొడవున తీగ చుట్ట ఒకటి ద్రవ హీలియంలో మునిగి ఉంటుంది. ఆ చలిలో తీగకు అడ్డన్నదే ఉండదు. ఒకసారి కరెంటు ఎక్కించి వదిలేస్తే హీలియం ఉన్నంతకాలం అది తిరుగుతూనే ఉంటుంది, అయస్కాంతం అయస్కాంతంగానే ఉంటుంది. ఆసుపత్రుల్లో ఎమ్మారై స్కానింగు చేసే యంత్రానికి ఇది వరసకు అక్క అవుతుంది. అది మనిషి లోపల చూస్తుంది, ఇది అణువు లోపల చూస్తుంది. సన్నటి గాజు గొట్టంలో శాంపిల్ పోసి పైనుంచి దించుతారు. రేడియో తరంగాలతో ఒక్క తట్టు తడితే అందులోని పరమాణువులు గంటల్లా మోగుతాయి. ఏది ఏ స్వరంలో మోగిందో విని, కాగితం మీద చుక్కల పటం గీస్తుంది యంత్రం. ఒక్కో చుక్క అణువులో ఒక్కో లింకుకు గుర్తు.

అయస్కాంతమ్మ పుట్టింది తీగచుట్టల మధ్యనే. ఆమె నాన్నది కాలిపోయిన మోటార్లకు వైండింగు చేసే దుకాణం. వార్నిష్ వాసన, నల్లబడిన గోడలు, మూలన రాగి తీగ కుప్పలు. బడి అయిపోగానే వచ్చి నాన్న పక్కన కూర్చుని తీగ చుట్టేది. చుట్టుకీ చుట్టుకీ మధ్య గోరు దూరకూడదు. ఎక్కడైనా ఖాళీ కనబడితే నాన్న ఏమీ అనేవాడు కాదు, మొత్తం విప్పేసేవాడు. అంతా సరిగ్గా ఉంటే "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ కోసం ఆమె ఎన్ని సాయంత్రాలు ఖర్చు పెట్టిందో చెప్పలేం. తర్వాత రసాయనశాస్త్రం చదివి, డాక్టరేటు చేసి, ఈ సంస్థలో యంత్రం బాధ్యత తీసుకున్న రోజున తెల్ల పీపాను కిందికీ పైకీ చూసి, "ఇదీ వైండింగే కదా" అనుకుంది.

పనిలో ఆమెకు సాటి లేదంటే అది పొగడ్త కాదు. అయస్కాంత క్షేత్రం శాంపిల్ అంతటా ఒకేలా పరుచుకోవాలి. ఒక పక్క కాస్త ఎక్కువ, ఒక పక్క కాస్త తక్కువ ఉంటే స్వరాలు అలుక్కుపోతాయి. దాన్ని సవరించడానికి ఓపిక కావాలి. మంచం మీద దుప్పటి ముడతలు తీసినట్టు ఈ కొస లాగితే ఆ కొస లేస్తుంది. కొత్తవాళ్లు పూట గడిపినా కుదరని పని ఆమె టీ చల్లారేలోగా చేసేది. ఆ గుణం ఆమెతోపాటు ఇంటికీ వచ్చేది. వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం నిలబడేవి. "మా కోడలు అగ్గిపుల్లల్ని కూడా ఒకే వైపు తలపెట్టి పడుకోబెడుతుంది" అని అత్తగారు చుట్టాలందరికీ చెప్పేది. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో చుట్టాలకు అర్థమయ్యేది కాదు.

డైరెక్టరు ఒకరోజు పిలిచి, "కూర్చోండి మేడమ్, టీ తాగుతారా?" అన్నాడు. ఆయన టీ అడిగాడంటే వార్త మంచిది కాదని ఆమెకు తెలుసు.

"హీలియం ధర చూస్తున్నారుగా. అవతలి ఊళ్లో మనదానికి రెట్టింపు బలమున్న మిషను పెట్టారు. శాంపిళ్లు అక్కడికి పంపుకుందాం. మనదాన్ని ఇక దించేద్దామని కమిటీ అంటోంది."

దించడమంటే కరెంటు తీసేసి, హీలియం ఆవిరైపోనిచ్చి, చుట్టను వేడెక్కనివ్వడం. ఈ వయసులో ఒకసారి దించిన అయస్కాంతాన్ని మళ్లీ ఎక్కించడానికి ఎవరూ ముందుకు రారు. పాత ఇనుముకి వెళ్లిపోతుంది.

"అక్కడ వరుసలో ఆర్నెల్లు నిలబడాలి సార్. పైగా పిచ్చుక ప్రోటీను అంత దూరం ప్రయాణం చేసిందంటే పెరుగైపోతుంది."

పిచ్చుక అంటే బడిలో పాఠాలు చెప్పడం మానేసి, ముప్పై దాటాక పరిశోధనలోకి వచ్చిన విద్యార్థిని. నడిచేటప్పుడు గెంతుతున్నట్టుంటుందని ఆ పేరు. ఒక మొండి బాక్టీరియాను మందులకు లొంగకుండా కాపాడే ప్రోటీను ఆమెది. ప్రోటీనంటే లింకుల గొలుసు. దాన్ని అడ్డుకునే కొత్త మందు ఆ గొలుసులో ఏ లింకును పట్టుకుంటోందో తేల్చాలి. అనుమానం రెండు లింకుల మీద ఉంది, అందరి మొగ్గూ మొదటిదాని వైపే. ఖర్మ కాలి ఆ రెండింటి చుక్కలూ పటంలో ఒకేచోట, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మందు వేస్తే ఆ ముద్ద కదులుతోంది. కదిలింది ఎవరో, నిలబడింది ఎవరో తెలియదు.

"అయితే ఒక పని చేయండి" అన్నాడు డైరెక్టరు. "ఆ రెండు చుక్కల్నీ ఇక్కడే, ఈ మిషను మీదే విడదీసి చూపించండి. కమిటీతో నేను మాట్లాడుకుంటా, హీలియం ఆర్డరు మీద సంతకం పెడతా. విడిపోకపోతే మాత్రం నన్నేమీ అనొద్దు."

"మాట మీదుంటారా సార్?"

"ఉంటా. కానీ నాకు నమ్మకం కుదరాలి."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మొగుడికి సంగతి చెప్పింది. ఆయనది కళ్లజోళ్ల దుకాణం.

"రెండు చుక్కలు ఒకటిగా కనబడుతున్నాయా? నా దగ్గరికి పంపు, అద్దం మారుస్తా" అన్నాడాయన.

"ఇది చూపు కాదండీ, వినికిడి. ఇద్దరు మనుషులు దాదాపు ఒకే శ్రుతిలో రాగం తీస్తున్నారనుకోండి. ఒక్క క్షణం వింటే ఒకే గొంతనిపిస్తుంది. చాలాసేపు వింటే తేడా బయటపడుతుంది."

"అయితే చాలాసేపు విను. ఎవరు వద్దన్నారు?"

"ప్రోటీను వద్దంటోంది. మా పటానికి మూడు వైపులు. ఒక వైపు మిషను ఏకబిగిన వింటుంది, బాధ లేదు. మిగతా రెండు వైపులా మెట్టు మెట్టుకీ ఆగి మళ్లీ మొదటినుంచి కొలవాలి. ఎన్ని మెట్లు ఎక్కితే అంతసేపు విన్నట్టు. అన్నీ ఎక్కాలంటే నెలలు పడుతుంది. ప్రోటీను వారానికే విరిగిపోతుంది."

"మరి?"

"మెట్లు వదిలేస్తూ ఎక్కాలి. పైదాకా వెళ్లాలి, కానీ అన్నిటి మీదా కాలు పెట్టకూడదు. పెట్టని మెట్ల మీద ఏముందో కంప్యూటరు లెక్క కట్టి చెబుతుంది."

ఈ ఉపాయం ఆమె కనిపెట్టింది కాదు. చాలాచోట్ల వాడుతున్నదే. కొత్త యంత్రాల్లో దానికో బటను ఉంటుంది. ఈ పాతదానికి లేదు కాబట్టి ప్రోగ్రాము తనే రాసుకోవాల్సి వచ్చింది. నియమం ఒక్కటే. ఏ మెట్టు ఎక్కాలి, ఏది వదలాలి అన్నది చిందరవందరగా ఎంచాలి. ఎంపికలో వరస ఉంటే ఆ వరసే పటంలో దూరి లేని చుక్కల్ని పుట్టిస్తుంది. స్వరం మొదట్లో గట్టిగా ఉండి పోనుపోను సన్నగిల్లుతుంది కాబట్టి, కింది మెట్లు కాస్త ఎక్కువ, పై మెట్లు తక్కువ ఉంటే చాలు. ఇవన్నీ ఆమెకు క్షుణ్నంగా తెలుసు.

ప్రోగ్రాము రాసింది, యంత్రం ఒప్పుకుంది. పిచ్చుక తాజా ప్రోటీను తెచ్చింది. కొలతలు పూర్తయి, కంప్యూటరు లెక్క కట్టి తెర మీద పటం విప్పగానే పిచ్చుక కుర్చీలోంచి లేచి నిలబడింది.

"మేడమ్, విడిపోయాయి. మూడున్నాయి."

"మూడేంటి? లింకులు రెండేగా?"

"ఒక లింకు రెండు రూపాల్లో ఉండొచ్చుగా. అదే నిజమైతే ఇంకా పెద్ద విషయం మేడమ్."

కబురందుకుని డైరెక్టరే వచ్చాడు. ముద్ద ఉండాల్సిన చోట మూడు చుక్కలు స్పష్టంగా ఉన్నాయి. "అడిగినదానికంటే ఒకటి ఎక్కువే ఇచ్చారు" అని నవ్వి, ఆర్డరు కాగితం తెప్పించమంటూ తలుపు వైపు తిరిగాడు.

అయస్కాంతమ్మ మాత్రం ముద్దను వదిలేసి పటంలో ఇంకో మూలను చూస్తోంది. అక్కడ అన్నిటికంటే గట్టి చుక్క ఒకటుంది. దానికి రెండు పక్కలా, సమాన దూరంలో, రెండు లేత చుక్కలు ద్వారపాలకుల్లా నిలబడి ఉన్నాయి. ఆ దూరం కొలిచింది. మళ్లీ ముద్ద దగ్గరికి వచ్చి, అందులోంచి పుట్టిన మూడో చుక్క దాని పక్క చుక్కకు ఎంత దూరంలో ఉందో కొలిచింది. రెండూ ఒకటే.

"సార్, ఇవాళ సంతకం పెట్టకండి" అంది.

"ఏం?"

"ఆ మూడోది నాకు నచ్చలేదు."

"నచ్చకపోవడానికి అదేమన్నా కూరా?"

"ప్రోటీను మోగించిన చుక్కలా లేదు. నేను మెట్లు ఎంచిన తీరులోంచి పుట్టినట్టుంది. మూడోది అబద్ధమైతే మిగతా రెండింటినీ ఏం చూసుకుని నమ్మాలి?"

డైరెక్టరు తలుపు దగ్గరనుంచి వెనక్కి వచ్చాడు. "మీ మిషన్ని మీరే ముంచుకుంటున్నారు, తెలుస్తోందా?"

"మునిగితే మునగనీయండి. లేని చుక్కను చూపించి నేను గట్టెక్కితే, రేపు ఎవరో దాన్ని నమ్మి మందు తయారుచేస్తారు."

"హీలియం ఎంతవరకు వస్తుంది?"

"ఇంకో ప్రయత్నానికి సరిపోతుంది. ఆపైన రాదు."

ఆయన వెళ్లిపోయాడు. పిచ్చుక మొహం ముడుచుకుని శాంపిల్ గొట్టం పైకి తీసింది. అప్పటికే లోపల ద్రవం తెల్లబారి, విరిగిన పాలలా ఉంది.

"నన్నొక్క మాట అడగాల్సింది మేడమ్. ఈ చుక్కెడు ప్రోటీను తీయడానికి నా ప్రాణం ఎంత తోకకొచ్చిందో మీకు తెలుసా?"

"తెలుసు. అందుకే ఇప్పుడే మొదలుపెట్టమంటున్నా."

"మీతో వాదించలేం" అని గొణుక్కుంటూ గెంతకుండా నడిచి వెళ్లింది పిచ్చుక. ఆమె మామూలుగా నడవడం అయస్కాంతమ్మ అదే మొదటిసారి చూసింది.

తప్పు ఎక్కడుందో రెండు రోజులు వెతికింది. ప్రోగ్రాము అక్షరం అక్షరం చదివింది. అంతా సరిగ్గానే ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో పేక పరిచారు. అత్తగారు పేకాటలో జాలీ దయా లేని మనిషి. కోడలు పంచిన ముక్కలు చూసి కళ్లజోడు పైకి నెట్టింది.

"అమ్మాయ్, ఇవి కలిపావా, పేర్చావా? పోయిన ఆటలో పడ్డ ముక్కలే మళ్లీ అదే వరసలో వస్తున్నాయి."

"అమ్మా, తను కలిపితే అంతే" అన్నాడు మొగుడు. "రాజు పక్కన రాణిని కూర్చోపెట్టకపోతే నిద్రపట్టదు."

"కలిపానత్తయ్యా. చక్కగా కలిపాను."

"అదే నేననేది. కలపడమంటే చెడగొట్టడం. చక్కగా చెడగొట్టడమేంటి, నా మొహం?"

అయస్కాంతమ్మ చేతిలో ముక్కలు బల్ల మీద బోర్లించింది. ప్రోగ్రాము మెట్లను ఎంచి ఇచ్చిన రోజు గుర్తొచ్చింది. తెర మీద ఒకచోట నాలుగు మెట్లు పక్కపక్కనే గుంపుగా, ఒకచోట చాలా దూరం దాకా ఏమీ లేకుండా, ఎవరో చేతకానివాడు చుట్టిన తీగలా కనబడింది. చూస్తుంటే వేళ్లు దురదపెట్టాయి. గుంపులోంచి ఒకదాన్ని తీసి ఖాళీలో పెట్టింది. ఇంకోటి తీసి ఇంకో ఖాళీలో పెట్టింది. బాగుపరుస్తున్నాననే అనుకుంది. ఎంతసేపు అలా సర్దిందో, ఎన్నిటిని జరిపిందో ఆమెకే తెలియదు. చివరికి చూడముచ్చటగా తయారైంది. నాన్న చూస్తే ఊఁ అనేవాడు.

"దువ్వేశాను" అంది పైకి.

"ఏంటీ?" అన్నాడు మొగుడు.

"చిక్కుని చిక్కుగా వదిలేయాల్సింది. దువ్వేశాను."

"ఆట మధ్యలో జుట్టు గొడవేంటమ్మాయ్" అంది అత్తగారు. "ముక్క వెయ్." ఆ ఆట, దాని తర్వాతి ఆట కూడా అత్తగారే గెలిచింది.

మర్నాడు పిచ్చుకకు దాపరికం లేకుండా చెప్పింది. "తప్పు ప్రోగ్రాముది కాదు, మిషనుది కాదు. నాది. మెట్లను సర్దాను."

పిచ్చుక కోపం ఇంకా తగ్గలేదు కానీ నవ్వు ఆపుకోలేకపోయింది. "అంటే మీరు నీట్‌గా చేయడం వల్ల పాడైందా? ఈ మాట రాసివ్వండి మేడమ్, మా అమ్మకి చూపిస్తా."

కొత్త ప్రోటీను సిద్ధమయ్యేసరికి హీలియం మట్టం చూపించే ముల్లు ఎర్రగీత పక్కకు చేరింది. అయస్కాంతమ్మ ఈసారి వేరే పథకం వేసింది. ఉన్న సమయాన్ని మూడు ముక్కలు చేసింది. మూడుసార్లూ కొలిచేది అదే ప్రోటీను, కానీ మెట్ల ఎంపిక మాత్రం ప్రతిసారీ వేరు. చుక్క నిజమైనదైతే ఏ మెట్లు ఎక్కినా అదే చోట ఉంటుంది. ఎంపికలోంచి పుట్టిన దెయ్యమైతే ఎంపిక మారగానే చోటు మారుస్తుంది, లేదా మాయమవుతుంది. నిలబడేవాళ్లెవరో, పారిపోయేవాళ్లెవరో అదే చెబుతుంది.

మొదటి ఎంపికను కంప్యూటరు తెర మీద పరిచింది. గుంపులు, గోతులు. దాని వికారం చూడలేక అయస్కాంతమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"కళ్లు మూసుకోండి మేడమ్, నేను నొక్కుతా" అంది పిచ్చుక.

"నొక్కు. మళ్లీ నాకు చూపించకు."

కొలతలు జరుగుతున్నంతకాలం గది తలుపు తెరవనివ్వలేదు. గాలి మారితే వేడి మారుతుంది, వేడి మారితే స్వరం జారుతుంది. అద్దంలోంచి చూసి వెళ్లమని వచ్చిన ప్రతివాళ్లకీ సైగ చేసేది. మూలన యంత్రం పంపు టిక్కు టిక్కుమంటూ నడుస్తూనే ఉంది. మొదటి విడత అయింది, రెండోది అయింది. రెండు పటాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టారు. ముద్ద ఉండే చోట మొదటి పటంలో రెండు చుక్కలున్నాయి. రెండో పటంలోనూ రెండే ఉన్నాయి, వెంట్రుకవాసి తేడా లేకుండా అవే చోట్ల. మూడోది ఎక్కడా లేదు. గట్టి చుక్క పక్కన ద్వారపాలకులూ లేరు. రెండు చుక్కల మధ్య తెల్ల కాగితం ఖాళీగా, శుభ్రంగా కనబడుతోంది.

పిచ్చుక ఆ ఖాళీ మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

డైరెక్టరు వచ్చి రెండింటినీ చూశాడు. తల ఊపాడు. "బాగున్నాయి. కానీ ఈ రెండు ఎంపికలూ మీ చేతి మీదుగా వచ్చినవే. మూడోది నేనిస్తా." ఎంపికను మొదలుపెట్టడానికి ప్రోగ్రాము ఏదో ఒక అంకె అడుగుతుంది. ఆయన కీబోర్డు దగ్గర కూర్చుని, పైకప్పు వైపు చూస్తూ అంకెల మీద వేళ్లు ఇష్టమొచ్చినట్టు కొట్టాడు. "మా మనవడు కూడా ఇంత దరిద్రంగా కొట్టడు. చాలా?"

"చాలు సార్. ఈ విడతలో మందు కూడా కలుపుతున్నాం."

"ఇన్ని అనుమానాలు ఒకేసారా?"

"ప్రోటీను ఇంకెన్నో రోజులు ఆగదు. చుక్కలు ఎంపికలోంచి పుట్టినవైతే మీ ఎంపికతో రెండూ చెదిరిపోవాలి. మందు ఒకదాన్నే పట్టుకుంటే ఒకటి కదలాలి, ఇంకోటి ఉన్నచోటే ఉండాలి. అంతకు మించిన సాక్ష్యం నా దగ్గర లేదు."

ఆ విడత అయ్యేసరికి గొట్టం అడుగున తెలుపు మొదలైంది. అయినా కొలతలు పూర్తయ్యాయి. పటం విప్పేటప్పుడు గదిలో ముగ్గురే ఉన్నారు. అద్దం అవతల మాత్రం మిగతా ప్రయోగశాలలవాళ్లు ముక్కులు ఆనించి నిలబడ్డారు.

ఒక చుక్క మునుపటి రెండు పటాల్లో ఎక్కడుందో అక్కడే ఉంది. రెండోది పక్కకు జరిగింది. కాస్త కాదు, చూడగానే తెలిసేంత.

"ఇదే" అంది పిచ్చుక. "మందు పట్టుకుంటున్నది దీన్నే. మేం అందరం అనుకున్నదాన్ని కాదు, రెండోదాన్ని." తర్వాత ఎందుకో నవ్వొచ్చి, నేల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. అద్దం అవతలివాళ్లు ఏం జరిగిందో తెలియకపోయినా చప్పట్లు కొట్టారు.

డైరెక్టరు మూడు పటాలనూ మళ్లీ చూసి, కుర్చీ వెనక్కి జరిపాడు. "ఆ రోజు మూడు చుక్కలకే సంతకం పెట్టేసి ఉంటే ఏమయ్యేది?"

"ఆ మూడో చుక్క మూలంగా ముగ్గురం తల దించుకునేవాళ్లం సార్."

"నన్నూ కలిపేశారు."

"సంతకం మీదేగా మరి."

ఆయన గట్టిగా నవ్వి, ఆర్డరు మీద సంతకం అప్పుడే పెట్టాడు. అప్పటికప్పుడు కమిటీకి ఫోను చేసి, దించే మాట ఇంక ఎత్తొద్దని చెప్పాడు. అవతల ఎవరో ఏదో అడిగారు. "పెద్ద మిషను సంగతి పెద్ద మిషనుది. ఇది మా ఇంట్లో ఉంది" అన్నాడు.

హీలియం బండి వచ్చిన ఉదయం అయస్కాంతమ్మ చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని, పీపా మీదికి మెట్లబల్ల వేసి ఎక్కింది. పొడవాటి గొట్టం నెమ్మదిగా లోపలికి దించింది. ముందు ఈల లేచింది, తర్వాత తెల్లటి పొగ పైకప్పుదాకా ఎగిసి గది నిండా దిగింది. గొట్టం మీద మంచు పేరుకుంది. ముల్లు ఎర్రగీతను వదిలి కదిలింది. సగం దాటింది.

"మేడమ్, ఎంతసేపు పడుతుంది?" అని కిందినుంచి అడిగింది పిచ్చుక. "బయట శాంపిళ్లు పట్టుకుని కారిడారు చివరిదాకా నిలబడ్డారు. దించేయమని కమిటీలో ఓటు వేసినాయన కూడా ఉన్నాడు."

"ఆయన్ని ఎక్కడ నిలబెట్టావు?"

"వచ్చిన వరసలోనే. చివర్లో."

"అక్కడే ఉండనీ" అంది అయస్కాంతమ్మ, పొగలోంచి ముల్లు కనబడేలా చేత్తో విసురుకుంటూ. ముల్లు పైగీతను తాకి ఆగింది. ఆమె గొట్టం పైకి లాగి మూత బిగించి, "నిండింది. మొదటివాళ్లని పంపు" అంది.